యుద్ధం జరుగుతుంటే ఎవరు మాట్లాడాలి?

1962 నవంబరు 8. చైనా సైన్యం విరుచుకుపడి ఇరవై రోజులు కూడా కాలేదు. తవాంగ్ అప్పటికే చేజారిపోయింది. మంచుకొండల మీద మన జవాన్లకు సరైన చలికోట్లు లేవన్న సంగతి ఊరూరా తెలిసిపోయింది. సరిగ్గా ఆ సమయంలో ఢిల్లీలో పార్లమెంటు కొలువుదీరింది. మామూలుగా కూడాల్సిన గడువుకు ముందే!

పట్టుబట్టి ఆ సమావేశాలు అడిగినవారిలో జనసంఘ్ రాజ్యసభ సభ్యుడు అటల్ బిహారీ వాజపేయి ఒకరు. అప్పటికాయనకు 37 ఏళ్లు. వెనక ఉన్నది చిన్న పార్టీ. ఎదురుగా ఉన్నది జవహర్‌లాల్ నెహ్రూ, స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి ఆయనే ప్రధాని. కాదంటే అడిగేవారు లేరు. అయినా నెహ్రూ సరేనన్నారు. తలుపులు మూసి రహస్యంగా చర్చిద్దామన్న సలహా వస్తే దానికి మాత్రం ఒప్పుకోలేదు. లోక్‌సభలో వారం రోజుల పాటు సాగిన ఆ చర్చలో 165 మంది మాట్లాడారు. చిత్తూరు నుంచి గెలిచిన మన ఆచార్య రంగా కూడా ఆ సభలో ప్రతిపక్ష సభ్యుడే. ప్రతిపక్షం మాట అలా ఉంచండి, సొంత కాంగ్రెస్ ఎంపీలే రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌ను సాగనంపేదాకా ఊరుకోలేదు. ప్రధానికి అత్యంత సన్నిహితుడైన ఆ మంత్రి, సభ మొదలయ్యే ముందు రోజే ఇంటికి వెళ్లిపోయాడు. జనం ఒంటి మీది బంగారం తీసి రక్షణ నిధికి ఇస్తున్న రోజులవి. ఇచ్చేవాడు ఇస్తూనే ఉన్నాడు, అడిగేవాడు అడుగుతూనే ఉన్నాడు. రెండూ దేశభక్తేనని అప్పటి జనానికి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

నెహ్రూకు గుడి కట్టడం నా ఉద్దేశం కాదు. అదే ఏడాది అక్టోబరు 26న ఆయన ప్రభుత్వమే ఎమర్జెన్సీ పెట్టింది. రాజ్యాంగంలోని 358వ అధికరణం ప్రకారం, ఎమర్జెన్సీ అమల్లో ఉన్నంతకాలం 19వ అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యం ప్రభుత్వ చేతులను కట్టేయలేదు. వ్యక్తి స్వేచ్ఛ కోసం కోర్టు గడప తొక్కే హక్కును నవంబరు 3న రాష్ట్రపతి ఉత్తర్వుతో నిలిపేశారు. చైనాను సమర్థిస్తున్నారంటూ కమ్యూనిస్టులను విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. చైనా మూలాలున్న భారతీయులను, చంటిపిల్లలతో సహా, రాజస్థాన్‌లోని దేవ్లీ శిబిరానికి తరలించారు. వాళ్లు చేసిన నేరం పుట్టుక ఒక్కటే. యుద్ధం నెలరోజుల్లో ముగిసింది. ఎమర్జెన్సీ మాత్రం 1968 జనవరి దాకా పోలేదు. మధ్యలో 1963లో పదహారో సవరణ తెచ్చి, మాట మీద ఆంక్ష పెట్టడానికి సార్వభౌమత్వం, సమగ్రత అన్న కొత్త కారణాలను రాజ్యాంగంలో చేర్చారు. యుద్ధం పేరు చెప్పి తీసుకున్న అధికారాన్ని, యుద్ధం అయిపోయింది కదా అని తిరిగి ఇచ్చేసే పాలకుడు అరుదు.

అంటే 1962లో చట్టం పౌరుడి నోరు నొక్కింది, సభ మాత్రం నోరు తెరిచింది. ఇప్పుడు 2025కు రండి.

ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టన పెట్టుకున్నారు. వారిలో విశాఖవాసి ఉన్నారు, కావలివాసి ఉన్నారు. మే 6 అర్ధరాత్రి దాటాక ఆపరేషన్ సిందూర్ మొదలైంది. గోరంట్ల మండలం కల్లితండా నుంచి వెళ్లిన అగ్నివీరుడు నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో ప్రాణాలిచ్చాడు. ఈసారి ఎమర్జెన్సీ లేదు. 19వ అధికరణం అక్షరం పోకుండా అమల్లోనే ఉంది. కానీ ఎనిమిది వేలకు పైగా ఖాతాలను మూసేయమని తమకు ఆదేశాలు వచ్చాయని ‘ఎక్స్’ సంస్థ చెప్పింది. ‘ది వైర్’ వెబ్‌సైటు ఒక రోజు పాటు తెరుచుకోలేదు. హర్యానాలో ఒక ఆచార్యుడు ఫేస్‌బుక్‌లో రాసిన మాటలకు భారతీయ న్యాయ సంహిత 152వ సెక్షన్ కింద అరెస్టయ్యాడు. మూడు రోజులకు సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది కానీ, ఈ విషయాల మీద ఇక రాయొద్దని షరతు పెట్టింది. అదే సుప్రీంకోర్టు, కేదార్‌నాథ్ సింగ్ కేసులో, హింసకు పురిగొల్పనంత వరకు ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా రాజద్రోహం కాదని తేల్చింది. ఆ తీర్పు వచ్చింది కూడా 1962లోనే.

అదే వారం టీవీ తెరల మీద మన నౌకాదళం కరాచీ రేవును ధ్వంసం చేసేసింది, పాకిస్తాన్ సైన్యాధిపతి అరెస్టయిపోయాడు. ఒక్కటీ జరగలేదు! వైమానిక దాడి సైరన్ల మోతను కార్యక్రమాల్లో వాడొద్దని ప్రభుత్వమే చానళ్లకు చెప్పుకోవాల్సి వచ్చింది. అబద్ధం చెప్పినవాళ్లలో కొందరు క్షమాపణతో బయటపడ్డారు. సందేహం రాసినవాడు జైలు చూసి వచ్చాడు.

నోరు నొక్కే పని సర్కారు ఒక్కటే చెయ్యడం లేదు, పక్కనున్న మనమూ చేస్తున్నాం. పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న ఒక యువతి, ముస్లింల మీదా కశ్మీరీల మీదా పగబట్టొద్దని అన్నందుకు ఆమెను నానా మాటలన్నారు. కాల్పుల విరమణ ప్రకటన చదివిన పాపానికి విదేశాంగ కార్యదర్శినీ, ఆయన కూతుర్నీ కూడా తిట్టిపోశారు. 

ఇల్లు తగలబడుతుంటే పంచాయితీ ఏమిటంటారు. నిజమే, నిప్పు పెట్టింది పరాయివాడే. కానీ నీళ్ల తొట్టి ఎందుకు ఖాళీగా ఉందో ఆ ఇంట్లోవాళ్లు అడక్కూడదా? సైన్యం ఎటు కదులుతోందో, ఏ ఆయుధం ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. 2008లో ముంబై దాడుల ప్రత్యక్ష ప్రసారాలు ముష్కరులకు ఎలా పనికొచ్చాయో చూశాం, ఆ కట్టడి ఉండాల్సిందే. పహల్గాం మైదానంలో ఆ రోజు కాపలా ఎందుకు లేదు? మన యుద్ధ విమానాలు ఎన్ని కూలాయి? ఇవి ఆ కోవలోకి రావు. విమానాలను కోల్పోయిన మాట నిజమేనని త్రివిధ దళాధిపతి మే 31న ఒప్పుకున్నారు, లెక్క మాత్రం చెప్పలేదు. ఆ ఒప్పుకోలైనా ఎక్కడ? సింగపూర్‌లో, ఒక విదేశీ చానల్ ముందు. ప్రత్యేక సమావేశాలు పెట్టండని ప్రతిపక్షం ఎంత అడిగినా, పార్లమెంటు దీని మీద చర్చకు కూర్చున్నది జులై 28న. అప్పటికి తుపాకులు ఆగిపోయి రెండున్నర నెలలు దాటింది.

కావాలంటే మార్గం ఉంది. దాన్ని చూపించినవాడు ఆ వాజపేయే. కార్గిల్ యుద్ధం ముగిసిన మూడు రోజులకే, 1999 జులై 29న, కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా సంఘం వేశారు. అందులో బి.జి. వర్ఘీస్ అనే పాత్రికేయుడికీ చోటిచ్చారు. ఆ నివేదికలో నిఘా వైఫల్యాలను దాచలేదు. రహస్యమనుకున్న భాగాలు తీసేసి, మిగతాది 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టారు. దానివల్ల సైన్యం పరువు పోలేదు, శత్రువుకు ఒరిగిందీ లేదు.

1962 ఓటమి మీద లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ రాసిన నివేదిక మాత్రం 1963 నుంచి బీరువాలోనే ఉంది. విదేశీ పాత్రికేయుడొకడు 2014లో అందులో కొంత భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న బీజేపీ, మొత్తం బయటపెట్టమని అడిగింది. కొన్ని నెలలకే అధికారంలోకి వచ్చి, బయటపెట్టడం దేశ ప్రయోజనాలకు మంచిది కాదని సభలో చెప్పింది. అంతకుముందు కాంగ్రెస్ చెప్పిందీ అదే. ఈ విషయంలో ఇద్దరికీ తేడా లేదు.

తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది వెళుతున్నారు. మీ ఎంపీ ఊళ్లోకి వచ్చినప్పుడు రోడ్డు గురించీ రైలు హాల్టు గురించీ ఎలాగూ అడుగుతారు. ఈసారి ఇంకొక్కటి కలపండి: ఆ నివేదికను సభ ముందు పెట్టమని ఎప్పుడైనా అడిగారా? పహల్గాం మీద కార్గిల్ లాంటి సమీక్షా సంఘం కావాలని అడుగుతారా?