యాభై రూపాయల స్టిక్కర్ వెనక లెక్క

50 రూపాయలు. మన సర్టిఫికెట్ మీద అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లడానికి అంటించే ధ్రువీకరణ స్టిక్కర్, వేసినందుకు విదేశాంగ శాఖ తీసుకునే రుసుము ఇంతే. అపోస్టిల్ కాక మామూలు అటెస్టేషన్ అయితే అదీ లేదు, ఉచితం. కాగితాలు తీసుకుని తిరిగి అందించే ఏజెన్సీ సేవా రుసుము దీనికి అదనం. అయినా ఒక్క డిగ్రీ సర్టిఫికెట్‌కు ఏజెంట్లు వేలల్లో అడుగుతారు. ఆ డబ్బు ఎటు పోతుందో తెలియాలంటే కాగితం ఎన్ని కార్యాలయాలు దాటుతుందో చూడాలి.

1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన ఒప్పందం దీనికి మూలం. అంతకుముందు ఒక దేశపు జనన ధ్రువపత్రం ఇంకో దేశంలో చెల్లాలంటే ముందు సొంత ప్రభుత్వం ముద్ర, తర్వాత అవతలి దేశపు ఎంబసీ ముద్ర పడాలి. అక్కడికి చేరాక చాలాచోట్ల వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర కూడా కావాలి. సభ్యదేశాల మధ్య ఈ చివరి మెట్లన్నీ తీసేసి ఒక్క అపోస్టిల్‌తో సరిపెట్టారు. భారత్‌కు ఇది 2005 జులై 14 నుంచి వర్తిస్తోంది. నమూనా అంతటా ఒకటే: కనీసం 9 సెంటీమీటర్ల భుజమున్న చతురస్రం, పైన ఫ్రెంచిలో శీర్షిక, కింద అంకెలు వేసిన 10 అంశాలు.

ఆ పదింటిలో ఎక్కడా ‘ఇతను బీటెక్ పాసయ్యాడు’ అని ఉండదు. సంతకం ఎవరిది, ఆయన హోదా ఏమిటి, ముద్ర ఏ కార్యాలయానిది అన్నంతవరకే అపోస్టిల్ పూచీ. కాగితంలోని విషయంతో దానికి పనిలేదు. అందుకే స్టిక్కర్ ఉన్నా విదేశీ యూనివర్సిటీ మీ మార్కులను విడిగా మదింపు చేయించమని అడగవచ్చు. అది వేధింపు కాదు, వేరే పని.

అసలు ఆలస్యమంతా రాష్ట్రం దగ్గరే. విదేశాంగ శాఖ దగ్గర ఉండేది రాష్ట్రం నియమించిన అధికారుల సంతకాల నమూనాలే గానీ మీ ఊరి రిజిస్ట్రార్ సంతకం కాదు. కాబట్టి చదువు కాగితాలకు విద్యాశాఖ, జనన, వివాహ పత్రాలకు హోం లేదా సాధారణ పరిపాలన శాఖ, వ్యాపార పత్రాలకు వాణిజ్య మండలి ముందు సంతకం చేయాలి. డిగ్రీ అసలుదేనా అని యూనివర్సిటీని అడగాల్సి వస్తే ఆ జవాబు వచ్చేదాకా ఫైలు కదలదు. ఆ పైమెట్టయిన విదేశాంగ శాఖ మాత్రం దగ్గరైంది: ఒకప్పుడు ఢిల్లీ దాకా పోవాల్సిన పనిని 2019 జనవరి నుంచి 15 నగరాల్లో చేస్తున్నారు. వాటిలో హైదరాబాద్ ఒకటి.

మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లి సర్టిఫికెట్‌లో అత్తవారి ఇంటిపేరు వచ్చి చేరుతుంది. ముద్రలన్నీ సక్రమంగా పడినా అవతలి దేశపు అధికారి ఈ మూడు పేర్లూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. ముద్రల కోసం తిరగకముందే పేర్లు సరిచేయించుకోవాలి. ఇంకొకటి, స్టిక్కర్ అంటించేది కాగితం వెనకవైపు. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ ఇక్కడ అక్కరకు రాదు.

ఏ దేశానికి ఏ ముద్ర కావాలన్నది మారుతూ ఉంటుంది కూడా. ఒమన్‌లో 2012 నుంచి, బహ్రెయిన్‌లో 2013 చివరి నుంచి, సౌదీలో 2022 డిసెంబరు 7 నుంచి, కెనడాలో 2024 జనవరి 11 నుంచి ఒప్పందం అమల్లో ఉంది. దుబాయ్, ఖతర్, కువైట్‌లకు మాత్రం పాత గొలుసే: రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఆ దేశపు ఎంబసీ, అక్కడికెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ. యూఏఈలో ఆ చివరి ముద్రకే ఒక్కో సర్టిఫికెట్‌కు 150 దిర్హాములు. జగిత్యాల నుంచో కడప నుంచో అక్కడికి వెళ్లిన కార్మికుడు భార్యను తీసుకెళ్లాలంటే పెళ్లి సర్టిఫికెట్ ఈ మెట్లన్నీ ఎక్కాలి. రియాద్‌లో ఉన్న అతని తమ్ముడికి అంత తిరుగుడు లేదు. సౌదీ కాగితానికి ఇప్పటికీ ఎంబసీ ఖర్చు కలిపి చెప్పే ఏజెంట్‌ను ఎందుకని నిలదీసి అడగండి.

అటునుంచి ఇటు వచ్చే కాగితాలకూ ఇదే పద్ధతి. అమెరికాలో జనన పత్రంలాంటి వాటికి అపోస్టిల్ వేసేది కాగితం పుట్టిన రాష్ట్రమే. టెక్సస్‌లో పుట్టిన బిడ్డ జనన పత్రానికి కాలిఫోర్నియా ముద్ర వేయదు. రుసుము టెక్సస్‌లో 15 డాలర్లు, కాలిఫోర్నియాలో 20, న్యూయార్క్‌లో 10. ఊళ్లో పొలం అమ్మడానికి అన్నకో బావమరిదికో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పంపేవాళ్లు ఇంకో అంకె గుర్తుంచుకోవాలి: 3 నెలలు. విదేశంలో రాసిన పత్రం మన దేశానికి చేరిన రోజు నుంచి ఆ గడువులోగా స్టాంపు డ్యూటీ కట్టాలని భారతీయ స్టాంపు చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. చేరిన తేదీకి రుజువుగా కొరియర్ కవరు దాచుకోవాలి.

జర్మనీ సంగతి వేరు. ఆ దేశమూ ఒప్పందంలో ఉంది, మనమూ ఉన్నాం. కానీ భారత్ చేరికకు జర్మనీ అభ్యంతరం చెప్పింది, కాబట్టి మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. మన జనన, వివాహ పత్రాలు నిజమో కాదో జర్మన్ అధికారులు అవసరమైతే ఇక్కడున్న తమ కార్యాలయాల ద్వారా విచారణ చేయించుకుంటారు. చదువుకోవడానికి వెళ్లేవాళ్లకు 2022 నవంబరు నుంచి, చదువు కాగితాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు. జర్మనీ వెళ్లేందుకని డిగ్రీ మీద అపోస్టిల్ వేయిస్తానని ఎవరైనా అంటే, ఆ కాగితాన్ని చేతికివ్వకండి.