వినబడును గాని తెలియదు

మొన్నటి మహాసభలో వాయిదాల తీర్మానమునకు అందరితోపాటు చేయెత్తిన యొక వృద్ధ సభ్యుడు, సభ ముగిసిన పిదప మమ్ము చాటునకు పిలిచి, "ఇప్పుడు నేను దేనికి సమ్మతించితిని?" అని యడిగెను. తీర్మానమును మరల చదివి వినిపింపగా, ఆయనకు అందు అభ్యంతరము కలదని తేలినది.

ఇంటి యరుగుపై మాటలాడినచో ఆయనకు అన్నియు తెలియును. రేకుల సావడిలో పంకాలు తిరుగుచు, పలువు రొక్కసారి మాటలాడుచుండగా, ధ్వని వినబడును గాని మాట తెలియదు. కుర్రవారు దీనిని కావలసినప్పుడు వచ్చు చెవుడని పరిహసింతురు. ఇది నటన కాదు, శరీరధర్మము.

లోచెవిలో నత్తగుల్లవంటి యంగము కలదు. అందు సుమారు 15,000 సూక్ష్మ రోమకణములు ధ్వనిని గ్రహించుటకు తోడ్పడును. అవి నశించినచో మరల పుట్టవు. సన్నని ధ్వనులను గ్రహించు కణములే ముందుగా క్షీణించును. అచ్చులు బలముగ వినబడును. స, త, ప వంటి హల్లులు సన్ననివి, బలహీనములు. కావున అప్పు, తప్పు, కప్పు అను మూడు మాటలును వృద్ధునికి ఒక్కటిగనే తోచవచ్చును. నిశ్శబ్దమున మనస్సు సందర్భమునుబట్టి లోటును పూరించుకొనును; గోలలో దానికి వ్యవధి చాలదు.

అరువదియేండ్లు దాటినవారిలో నూటికి 25 మందికి పైగా ఇబ్బంది కలిగించునంతటి వినికిడి లోపము కలదని ప్రపంచారోగ్య సంస్థ తెలుపుచున్నది. ఏండ్ల తరబడి ట్రాక్టరుపై, నూర్పిడి యంత్రముచెంత పనిచేసినవారికి ఈ కీడు మరింత త్వరగా రావచ్చును. 85 డెసిబెల్సు మించిన మ్రోతలో దినమెల్ల నుండువారు చెవులకు రక్షణ ధరింపవలెను.

సభ్యులు వినికిడి తగ్గినదని తోచినచో వైద్యుని చూడవలెను. గుబిలియే కారణమైన సులభముగ తీయవచ్చును. పుల్లలు దూర్చుట, కాచిన నూనె పోయుట హానికరము. వినికిడి యంత్రము గోలను కూడ కొంత పెంచును. అలవాటుపడుటకు కొన్ని వారములు పట్టును. తొలినాడే విసుగుతో పెట్టెలో పెట్టరాదు.

సంఘములు చేయదగినవి స్వల్పములు. వృద్ధులను ముందు వరుసలో, మాటలాడువారి ముఖము కనబడునట్లు కూర్చుండబెట్టవలెను. ఒకరు మాటలాడునప్పుడు తక్కినవారు మౌనము వహింపవలెను. అరచినచో మాట చెదరును. నిదానముగ, స్పష్టముగ పలుకవలెను. వడ్డీ, వాయిదా, మొత్తము అను అంకెలను పలకపై వ్రాసి చూపి, పిమ్మటనే చేతులెత్తుమనవలెను.

వినబడని తీర్మానమునకు ఎత్తిన చేయి సమ్మతి కానేరదు.