చేపపిల్లలకు ముందు నీటిని సిద్ధపఱుపుడు

మన కళ్యాణదుర్గపు సీమలో సేద్యపుకుంటలయందు వాననీరు కొలఁది మాసములే నిలుచును. అందుచేత కుంట నిండిన మఱునాఁడే చేపపిల్లలను విడువవలెనని రైతుసోదరులు తొందరపడుదురు. ఆ తొందరయే సొమ్మును ముంచును.

పది సెంట్ల కుంట యెండియున్నప్పుడే సుమారు 10 కిలోల సున్నము చల్లి, నీరు చేరిన పిదప 80 కిలోల పేడ వేసి, పది పదునైదు దినములు ఆగవలెను. పేడ కుళ్లునప్పుడు ప్రాణవాయువు తఱిగి, విషమైన అమోనియా పుట్టును. సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగాను, పిమ్మట అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చును. అంతట నీరు లేఁబచ్చనగును. ఆ పచ్చదనమే పిల్లలకు మేతకు మూలము.

వేలెడు పిల్లలకు మాఱు జానెడు పిల్లలను విడిచినచో, ఆగిన దినములు కలిసివచ్చును. సంచిని పావుగంట నీటిపై తేల్చి, పిదప విప్పవలెను. సభ్యులు పిల్లలకు సొమ్ము కట్టుటకు ముందు నీటిరంగు చూచుకొనవలయునని మా మనవి.