ఒంటరి సభ్యుని బలం: యుకియో ఒజాకి

జపాను దేశంలో మొట్టమొదటి సాధారణ ఎన్నికలు 1890 జూలైలో జరిగినవి. నాడు సాలుకు 15 యెన్‌ల పన్ను చెల్లించే పురుషులకే ఓటుహక్కు ఉండేది. జనాభాలో అట్టివారు సుమారు నూటికి ఒక్కరు. ఆ ఎన్నికలలో మియె జిల్లా నుండి ప్రతినిధుల సభకు ఎన్నికైన యువ పత్రికారచయిత యుకియో ఒజాకి. అది మొదలు వరుసగా 25 ఎన్నికలలో గెలిచి, 1953 వరకు, అనగా 63 సంవత్సరాలు ఆయన సభ్యులుగా ఉన్నారు. ఇంత దీర్ఘకాలంలో మంత్రిపదవి లభించినది రెండు పర్యాయాలు మాత్రమే. మరి ఆయన ఖ్యాతికి కారణమేమి?

దీనికి ఆనాటి రాజ్యాంగాన్ని కొంత తెలుసుకోవాలి. 1889 నాటి రాజ్యాంగం ప్రకారం మంత్రులు చక్రవర్తికి బాధ్యులు, సభకు కారు. సభలో చిక్కు వచ్చినప్పుడు ప్రధానులు రాజశాసనాన్ని తెచ్చి సభ్యుల నోరు మూయించగలిగేవారు. 1913 ఫిబ్రవరిలో ఒజాకి ఈ పద్ధతిని సభలోనే ఎండగట్టినారు. సింహాసనాన్ని కోటగోడగానూ, రాజశాసనాలను తూటాలుగానూ వాడుకొని ప్రతిపక్షాన్ని కొట్టుచున్నారని ప్రధాని కత్సురాను ముఖాముఖి నిలదీసినారు. వెలుపల ప్రజలు వేలాదిగా గుమిగూడినారు. ఆ నెలలోనే కత్సురా మంత్రివర్గం రాజీనామా చేసింది.

అంతకుముందు 1903 నుండి 1912 వరకు ఆయన టోక్యో నగరాధ్యక్షులు. వాషింగ్టన్ నగరానికి చెర్రీ మొక్కలను కానుకగా పంపినది ఆయన కాలంలోనే. 1910లో వెళ్ళిన 2,000 మొక్కలకు పురుగు పట్టినందున అక్కడివారు తగులబెట్టవలసి వచ్చింది. ఒజాకి చిన్నబుచ్చుకొనలేదు, 1912లో 3,020 మొక్కలు మళ్ళీ వెళ్ళినవి.

ఆయన ప్రతిసారీ గెలువలేదు. 1921లో నౌకాబలాన్ని తగ్గించుకోవాలని సభలో తీర్మానం ప్రతిపాదించగా అనుకూలంగా వచ్చినవి 38 ఓట్లు, వ్యతిరేకంగా 285. ఆయన ఊరూరా తిరిగి ఉపన్యసించి, పోస్టుకార్డుల మీద ప్రజాభిప్రాయం సేకరించినారు. సభ తోసిపుచ్చిన ఆ భావమే మరుసటి ఏడు, 1922లో, వాషింగ్టన్ ఒడంబడికగా రూపొంది, జపాను దానిపై సంతకం చేసింది.

కఠిన పరీక్ష 1942లో వచ్చింది. యుద్ధకాలపు ఆ ఎన్నికలలో ప్రభుత్వం తన అభ్యర్థుల జాబితా ప్రకటించింది. ఒజాకి అందులో లేరు. తాత తండ్రులు కూర్చిన ఇంటిని మూడవ తరం అమ్మకానికి పెట్టునన్న లోకోక్తిని ఒక సభలో ఉదహరించినందుకు చక్రవర్తిని అవమానించినారని నేరం మోపి ఆయనను నిర్బంధించినారు. అప్పటికి ఆయన ఎనభై దాటిన వృద్ధులు. అయినను మియె ఓటర్లు ఆయననే గెలిపించినారు. క్రింది కోర్టు శిక్ష విధించినను, అత్యున్నత న్యాయస్థానం 1944లో నిర్దోషియని తీర్పు చెప్పింది.

1925లో పురుషులందరికీ, 1946 ఎన్నికలలో స్త్రీలకు ఓటు వచ్చుట ఆయన సభ్యులుగా ఉండగానే చూచినారు. 1947 నాటి కొత్త రాజ్యాంగం మంత్రివర్గాన్ని సభకే బాధ్యురాలిని చేసింది. 1913లో ఆయన కోరినది అదే. 1953 ఏప్రిల్‌లో ఓడిపోయి, 1954 అక్టోబరులో తమ 95వ ఏట మరణించినారు. పార్టీ అండ లేని సభ్యుడు సభలో నిలిచి మాట్లాడుటకు ధైర్యం కావాలి. అట్టివానిని మళ్ళీ మళ్ళీ పంపుటకు ఓటర్లకూ అంత ధైర్యమే కావాలి. మియె ప్రజల పేర్లు చరిత్రకెక్కలేదు గాని, ఒజాకి కీర్తిలో సగం వారిదే.