‘జై హింద్’ అనే మాట ఇచ్చిన హైదరాబాదీ సిపాయి: మేజర్ ఆబిద్ హసన్ సఫ్రానీ

పంద్రాగస్టు వచ్చిందంటే ప్రతి స్కూల్లో, ప్రతి స్పీచ్ చివర్లో ‘జై హింద్’ వినిపిస్తుంది. మిలిటరీ వాళ్లయితే రోజూ ఒకరినొకరు పలకరించుకునేదే ఆ మాటతో. దాని వెనక మన హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో పెరిగిన ఒక ముస్లిం యువకుడు ఉన్నాడని మాత్రం మన ఇళ్లలోనే చాలామందికి తెలీదు. ఆయన అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. 1911లో పుట్టారు, 1984లో హైదరాబాద్‌లో ఇంతెఖాల్ అయ్యారు.

వాళ్ల ఇంటి పేరు ఆబిద్ మంజిల్. తల్లి ఫఖ్రుల్ హాజియా బేగం గాంధీజీని గట్టిగా నమ్మిన మనిషి, విదేశీ బట్టల దహనానికి తన ఇంటి ఆవరణనే ఇచ్చారు. తోటి పిల్లలు పై చదువులకు ఇంగ్లండ్ వెళ్తుంటే ఆబిద్ మాత్రం ఇంజనీరింగ్ కోసం జర్మనీ వెళ్లారు. 1941లో నేతాజీ సుభాష్ చంద్ర బోస్ బెర్లిన్ చేరుకున్నారు. ఆయన మాటలు విన్నాక ఆబిద్ చదువు వదిలేసి ఆయన వెంట నడిచారు. సెక్రటరీ, దుబాసీ, ఆ తర్వాత సిపాయి, అన్నీ ఆయనే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఉత్తర ఆఫ్రికా యుద్ధంలో జర్మన్లకు, ఇటాలియన్లకు చిక్కిన భారతీయ సైనికులతో నేతాజీ జర్మనీలో ఒక దళం కట్టారు. ఆ సైనికులంతా బ్రిటిష్ ఫౌజు నుంచి వచ్చినవాళ్లు. అక్కడ కంపెనీలు చాలావరకు కులం, మతం, ప్రాంతం లెక్కన ఉండేవి. సిక్కులు ఒకచోట, పంజాబీ ముస్లింలు ఒకచోట, రాజపుత్రులు ఇంకోచోట. ఎవరి పలకరింపు వాళ్లది: సలాం, సత్ శ్రీ అకాల్, రామ్ రామ్. నేతాజీ మాత్రం అందర్నీ ఒకే బ్యారక్‌లో కలిపి పెట్టాలనుకున్నారు. మరి ఆఫీసర్ ఎదురైతే సిపాయి ఏమనాలి? ఏ ఒక్కరి మాట తీసుకున్నా మిగతావాళ్లకు అది పరాయిదే అవుతుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఫౌజులో రోజుకు వందసార్లు ఎదురయ్యే సమస్య ఇది. ‘జై హిందుస్తాన్ కీ’ లాంటి మాటలు ఆలోచించి, చివరికి దాన్ని కుదించి ఆబిద్ ‘జై హింద్’ అన్నారు. నేతాజీకి నచ్చింది. ఇంట్లో, నమాజులో, పూజలో ఎవరి మాట వాళ్లదే. డ్యూటీలో మాత్రం అందరిదీ ఒకటే. నా దృష్టిలో ఇది నినాదం కన్నా ముందు ఒక ఇంతెజాం.

1943 ఫిబ్రవరి 9న నేతాజీ జర్మనీలోని కీల్ రేవు నుంచి యు-180 అనే సబ్‌మెరైన్‌లో తూర్పు ఆసియాకు బయల్దేరారు. వెంట తీసుకెళ్లిన ఒకే ఒక్క భారతీయుడు ఆబిద్ హసన్. ఆ ప్రయాణం గురించి ఆయన తర్వాత చెప్పిన సంగతులు చదివితే కళ్ల ముందు కనిపిస్తుంది. నిలబడటానికి చోటు లేదు, తినే రొట్టెకి కూడా డీజిల్ వాసన. స్టోర్‌లో బియ్యం, పప్పు దొరికితే ఆబిద్ వండి పెట్టారు. నేతాజీ అక్కడ కూడా ఖాళీగా కూర్చోలేదు. జపాన్ ప్రధాని టోజోతో ఎలా మాట్లాడాలో ప్రాక్టీస్ చేసేవారు, టోజో వేషం ఆబిద్‌ది! ఏప్రిల్ 28న మడగాస్కర్ దగ్గర అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో ఇద్దరూ రబ్బరు తెప్ప మీద జపాన్ సబ్‌మెరైన్ ఐ-29కి మారారు. మే 6న సుమత్రా దగ్గరి సబాంగ్ దీవి చేరారు. దాదాపు మూడు నెలలు.

ఆ తర్వాత ఆజాద్ హింద్ ఫౌజ్‌లో మేజర్‌గా, 1944లో ఇంఫాల్ వైపు సాగిన పోరులో ఉన్నారు. వర్షాలు, ఆకలి, మలేరియా మధ్య వెనక్కి నడిచిన సైనికుల గురించి తర్వాత ఆయనే రాశారు. ‘జనగణమన’ ఆధారంగా హిందుస్తానీలో తయారైన ఫౌజు గీతం ‘శుభ్ సుఖ్ చైన్’ వెనక కూడా ఆయన చెయ్యి ఉంది.

‘సఫ్రానీ’ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. జెండా రంగుల మీద ఫౌజులో వాదన వచ్చింది. హిందువులు కాషాయం అన్నారు, ముస్లింలు ఆకుపచ్చ అన్నారు. చివరికి హిందూ సోదరులు తమ పట్టు వదులుకున్నారట. అది చూసి కదిలిపోయిన ఆబిద్, కాషాయాన్ని తన పేరులోనే కలుపుకున్నారు. జాఫ్రాన్, అంటే కుంకుమ పువ్వు రంగు.

1945 ఆగస్టు 17న సైగాన్‌లో నేతాజీ ఎక్కిన విమానంలో ఇంకొక్కరికే చోటు దొరికింది. హబీబుర్ రహమాన్ వెళ్లారు, ఆబిద్ అక్కడే ఉండిపోయారు. తర్వాత బ్రిటిష్ వాళ్లు పట్టుకుని జైల్లో పెట్టారు. ఎర్రకోట విచారణల మీద దేశం భగ్గుమన్నాక, 1946లో విడుదలయ్యారు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లను భారత సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. ‘జై హింద్’ను మాత్రం తీసుకున్నారు. లెక్కల్లో చెప్పాలంటే వాళ్ల యుద్ధ సేవ ఏ ఖాతాలోనూ జమ కాలేదు. 1972లో కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ మొదలుపెట్టినప్పుడే వీళ్లకు కొంత గుర్తింపు దక్కింది. అది కూడా మామూలుగా ఆరు నెలల జైలు లాంటి కష్టం కాగితం మీద రుజువైతేనే. భర్త పోయాక భార్యకు, పెళ్లికాని కూతుళ్లకు ఫ్యామిలీ పెన్షన్ వీలు ఉంది. మీ దాదా, నానా ఎవరైనా రంగూన్, సింగపూర్ వైపు ఫౌజులో పనిచేసి ఉంటే, పాత పెట్టెలో ఉన్న డిశ్చార్జి కాగితాన్ని, జైలు సర్టిఫికెట్‌ను చెత్త అనుకుని పారేయకండి. పెద్దవాళ్లు బతికుండగానే వాళ్ల నోటి మాట రికార్డు చేసుకోండి.

ఆబిద్ హసన్‌కు ఇంకో దారి దొరికింది. ఇండియన్ ఫారిన్ సర్వీస్‌లో చేరి అరబ్ దేశాల్లో, ఇతర చోట్ల పనిచేశారు. 1969లో డెన్మార్క్ రాయబారిగా రిటైరయ్యారు. పెద్ద పదవులు చూసిన మనిషి ఢిల్లీలో ఉండిపోలేదు, హైదరాబాద్ వచ్చి దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర పొలం చూసుకుంటూ గడిపారు. ఆయన అన్న బద్రుల్ హసన్ కూతురు సురయ్యా హసన్ పెళ్లి చేసుకున్నది నేతాజీ అన్న కొడుకు అరబిందో బోస్‌ను. హిమ్రూ, మష్రూ నేతను బతికించిన పేరు ఆవిడది. 2021లో చనిపోయే వరకు మగ్గాలు నడిపింది అదే దర్గా ప్రాంతంలో. చుట్టుపక్కల పిల్లల కోసం అక్కడే ఒక బడి కూడా పెట్టారు. దాని పేరు సఫ్రానీ మెమోరియల్ హైస్కూల్.