కలిసి వెళ్లడమంటే...

ఫ్రాన్సులో నాలుగేళ్లకోసారి పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిల్ యాత్ర జరుగుతుంది. సుమారు 1,200 కిలోమీటర్లు, గరిష్ఠ గడువు 90 గంటలు. తినడం, నిద్రపోవడం కూడా ఆ గడువులోనే! అంతకుముందు 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు పూర్తిచేసిన వారికే ప్రవేశం. అలాంటి యాత్రలు హైదరాబాదులోనూ జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువుంటుంది. ఇది పందెం కాదు, మొదటి బహుమతీ లేదు.

ఇందుకోసం భార్యాభర్తలు కలిసి సాధన మొదలుపెట్టారనుకుందాం. బలమున్న భర్త ముందు దూసుకెళ్లి టీకొట్టు దగ్గర సేదదీరతాడు. ఆమె రొప్పుతూ వచ్చేసరికి ‘ఇక బయల్దేరుదామా?’ అంటాడు. ఆయనకు విశ్రాంతి దొరికింది, ఆమెకు దొరకలేదు. ఇద్దరిదీ ఒకే దారి, కాని వాళ్లు కలిసి వెళ్లలేదు. కొన్నాళ్లకు ఆమె సైకిల్ ఇంట్లోనే ఉండిపోతుంది.

తనతో ప్రయాణించమని ఏశావు పిలిచినప్పుడు యాకోబు ఏమన్నాడు? పిల్లలు పసివారని, పాలిచ్చే పశువులను ఒక్కరోజు వడిగా తోలినా మంద చనిపోతుందని, వాటి నడకను బట్టి మెల్లగా వస్తానని అన్నాడు (ఆదికాండం 33). ఆ తర్వాత ఆయన వేరే దారిన వెళ్లాడన్నది నిజమే. అయినా బలహీనుల నడకను లెక్కచేసిన ఆ మాట విలువైనది.

అనుభవమున్న జంటలు చేసేదీ అదే. ఎదురుగాలిలో బలమున్నవారు ముందుంటే వెనకవారికి శ్రమ తగ్గుతుంది. ఎత్తెక్కేటప్పుడు నెమ్మదిగా తొక్కేవారే వేగాన్ని నిర్ణయిస్తారు. ఆగినచోట, చివర వచ్చినవారు సేదదీరాకే కదులుతారు.

ఉద్యోగంలో, పరిచర్యలో, ప్రార్థనలో ముందున్న ప్రియులారా! మీ జీవిత భాగస్వామి ఎంత వెనకబడ్డారని లెక్కించకండి. వారికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చారా అని ఈరోజే అడగండి.