ఆపరేషన్ ఒక్కపూట... మందుల జాగ్రత్త జీవితాంతం!

బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్ అనగానే ఎంత ఖర్చవుతుంది, ఎన్ని కిలోలు తగ్గుతారు అనే అందరూ ఆరా తీస్తారు. నిజానికి సర్జన్ పని కొన్ని గంటల్లో అయిపోతుంది. అసలు కథ మొదలయ్యేది ఇంటికొచ్చాకే!

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వారికి ఇది మరీ ముఖ్యం. హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకుంటే, ఆ ఆసుపత్రి కరీంనగర్‌కు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్‌కు 300 కిలోమీటర్ల దూరం. అర్ధరాత్రి వాంతులైతే ముందు చూసేది ఆ సర్జన్ కాదు... ఊళ్లో ఆర్‌ఎంపీయో, మెడికల్ షాపాయనో!

ఎవరికి?

ఇది అందం కోసం చేసేది కాదు. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. మన దేశంలో చాలాకాలం బీఎంఐ 37.5 దాటినవారికి, షుగర్, బీపీ లాంటివి తోడైతే 32.5 దాటినవారికి ఆపరేషన్ సూచించేవారు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియావాసులకు ఈ హద్దును 27.5కు తగ్గించాయి.

ముందే సిద్ధం కావాలి

గుండె పరీక్షలు, పొట్ట స్కానింగ్, ఎండోస్కోపీతోపాటు షుగర్, థైరాయిడ్, ఐరన్, విటమిన్ల పరీక్షలుంటాయి. గట్టిగా గురక పెట్టేవారికి నిద్ర పరీక్ష కూడా. బీడీ, సిగరెట్ కనీసం ఆరు వారాల ముందే మానేయాలి. రెండు వారాలపాటు డాక్టరు చెప్పిన తక్కువ కేలరీల ఆహారం తీసుకుంటే కొవ్వు పట్టిన కాలేయం కాస్త కుంచించుకుని సర్జన్‌కు దారిస్తుంది. వాడుతున్న మందులన్నీ, నాటు మందులతో సహా, సంచిలో వేసుకెళ్లి చూపించాలి.

పాత మోతాదు... కొత్త పొట్ట

స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పైగా తీసేస్తారు. బైపాస్‌లో చిన్న సంచిలా చేసి పేగుకు కలుపుతారు. దాంతో మందుల లెక్కలు మారిపోతాయి.

షుగర్: బరువు పెద్దగా తగ్గకముందే షుగర్ దిగొస్తుంది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ పాత మోతాదులోనే వాడితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. బీపీ మాత్రలదీ అదే దారి. అలాగని సొంతంగా మానేయకూడదు. మోతాదు డాక్టరే మార్చాలి.

నొప్పి మాత్రలు: మోకాళ్ల నొప్పికి అలవాటైన డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వాడితే పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు. బైపాస్ అయినవారికి సూదిమందుగా ఇచ్చినా ముప్పే. పారాసిటమాల్ నయం.

ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ మాత్రలు: నెమ్మదిగా కరిగే ఈ రకం సరిగా ఒంటబట్టకపోవచ్చు. వీటిని నూరి మింగడం ఇంకా ప్రమాదం. బదులు ఏం వాడాలో అడగాలి.

విటమిన్లు: బి12, డి, ఐరన్, కాల్షియం జీవితాంతం. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకూ వీటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

గ్లూకోజ్ ఎక్కించే ముందు...

వాంతులై నీరసించినవారికి వెంటనే గ్లూకోజ్ బాటిల్ పెట్టడం ఊళ్లలో అలవాటు. ఈ ఆపరేషన్ అయినవారిలో అది ప్రాణాల మీదికి తేవచ్చు. రోజుల తరబడి వాంతులైతే బి1 విటమిన్ అడుగంటుతుంది. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. చూపు రెండుగా కనిపించినా, నడక తూలినా, మాట తికమకపడినా పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిందే.

దావతుల్లో మందు, కల్లు మానుకోవడమే మేలు. కొంచెమే తాగినా త్వరగా తలకెక్కుతుంది. స్త్రీలు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి అడగాలి.

జేబులో ఒక చీటీ

ఏ ఆపరేషన్, ఎప్పుడు జరిగింది, ఏ మందులు పడవు, గ్లూకోజ్ కంటే ముందు బి1 ఇవ్వాలన్న మాట, సర్జన్ ఫోన్ నంబరు... ఇవన్నీ తెలుగులో రాసిన చీటీ జేబులో, దాని నకలు ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండో నెలల్లో, ఆపైన ఏటా రక్తపరీక్షలు తప్పవు. వాటిని దగ్గర్లోని ల్యాబులో చేయించి, రిపోర్టు సర్జన్‌కు పంపినా సరిపోతుంది. మానేస్తేనే చిక్కు!